ఆగిన కూత

పేర్రాజు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న పట్టుకుని వస్తే, ముందు వాళ్ళ చేత ఏదో ఒక పని చేయించిగానీ కూర్చోమనరు. కూర్చున్నాక జవాబు చెబుతారా అంటే, ఆ నమ్మకమూ లేదు. ముప్పై నాలుగేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి, జిల్లాలో కబడ్డీ పోటీ ఎక్కడ పెట్టినా మెడలో ఈల వేసుకుని వెళ్ళిన మనిషి. రిటైరయ్యాక ఊరికే ఉండలేక, గోదావరి గట్టు కింద ఇసక నేలలో కోర్టు గీసుకుని, జాలరిపేట ఆడపిల్లలకి సాయంత్రం పూట ఆట నేర్పుతున్నారు. డెబ్బై మూడేళ్ళొచ్చాయి. కుడి చెవి పనిచెయ్యడం మానేసి నాలుగేళ్ళయింది. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, ఇంకోటి ఉందిగా అంటారు.

ఆ ఆదివారం నాలుగు గంటలకి త్రిమూర్తులు వచ్చేసరికి ఆయన బల్ల మీద కూర్చుని పిల్లల కోసం ఉడికించిన శనగల్లో ఉప్పు చూస్తున్నారు. త్రిమూర్తులు ఆయన శిష్యుడే. ఆట ఆయన దగ్గరే నేర్చాడు, ఈల ఊదడమూ ఆయన దగ్గరే నేర్చాడు. ఇప్పుడు టౌన్లో ఒక హైస్కూల్లో కాంట్రాక్టు మీద పీఈటీగా చేస్తున్నాడు. మనిషి మూడు రోజుల్లో సగమైపోయాడు. కళ్ళు లోపలికి పోయాయి. మాస్టారు అది చూశారో లేదో గానీ, సున్నం డబ్బా చూపించి, "మధ్య గీత చెరిగిపోయిందిరా, దిద్దు" అన్నారు. త్రిమూర్తులు వంగి గీత పోశాడు. పదేళ్ళుగా తాడు లేకుండా తిన్నగా గీసే చేతికింద, ఆ వేళ గీత పాములా వంకర తిరిగింది. మాస్టారు దాన్ని కాసేపు చూసి, అప్పుడు కూర్చోమన్నారు.

అతను చెప్పుకొచ్చింది ఇదీ. గురువారం వాళ్ళ స్కూలు గ్రౌండులో ఆడపిల్లల కబడ్డీ సెమీఫైనల్. అవతలి జట్టు గోదావరికి ఆ ఒడ్డున కొండల్లో ఉన్న గిరిజన ఆశ్రమ పాఠశాల పిల్లలు. రావాల్సిన రిఫరీ రాలేదు, ఈల త్రిమూర్తుల చేతికొచ్చింది. ఆట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, అవతలి పక్షంలోకి వెళ్ళిన పిల్ల ఒక్క ఊపిరి మీద కబడ్డీ కబడ్డీ అంటూ కూత పెట్టాలి. తిరిగొచ్చేదాకా ఆ కూత తెగకూడదు. తెగితే అవుట్. తెగిందీ లేనిదీ తేల్చేది రిఫరీ చెవి ఒక్కటే, ఇంకెవరూ అడ్డు చెప్పడానికి లేదు.

మొదట్లో జనం ఇద్దరికీ చప్పట్లు కొట్టారు. కొండపిల్లలు ఆరు పాయింట్లు ముందుకెళ్ళేసరికి గాలి మారింది. వాళ్ళలో నాలుగో నంబరు పిల్ల, తుర్రం ముత్తమ్మ అని పదో తరగతి, కూతకి బయల్దేరింది. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు వెనకనించి ఎవడో కోతిలా కిచకిచమన్నాడు. నవ్వులు లేచాయి. రెండోవాడు అందుకున్నాడు, ఆ తరవాత వరస వరసంతా అందుకుంది. చెట్టెక్కండే, అడవికి పొండే అని కేకలు. ఒక అరటితొక్క ఎగిరొచ్చి కోర్టులో పడింది. కుర్చీల్లో పెద్దమనుషులున్నారు, తల్లిదండ్రులున్నారు, హెడ్మాస్టరుగారున్నారు. ఒక్కరైనా నోరు మూయండ్రా అన్న పాపాన పోలేదు. పైగా నవ్వారు. ఒకాయన ఫోనులో వీడియో కూడా తీశాడు. ఇప్పుడడిగితే, నేనేం తియ్యలేదండి అంటున్నాడు.

ముత్తమ్మ కూత తెగింది. త్రిమూర్తులు ఈల ఊదాడు. మూడు నిమిషాల తరవాత ఆ పిల్ల మళ్ళీ బయల్దేరింది, మళ్ళీ అదే గోల, మళ్ళీ తెగింది, మళ్ళీ ఊదాడు. మూడోసారి పిల్ల మధ్య గీత దగ్గరకొచ్చి ఆగిపోయింది. అరిచేవాళ్ళ వైపు చూడలేదు. త్రిమూర్తుల మొహంలోకి చూసింది. త్రిమూర్తులు వాచీ చూసుకున్నాడు. ఆ పిల్ల ఛాతీ మీది నంబరు గుడ్డ విప్పి, మడతపెట్టి, గీత మీద పెట్టింది. వెనకాలే జట్టంతా కోర్టు దిగి వెళ్ళిపోయింది.

ఇక్కడిదాకా చెప్పి అతను మంచినీళ్ళడిగాడు.

ఆట మధ్యలో వదిలేసిన జట్టు ఏడాది పాటు ఏ పోటీకీ రాకూడదని నియమం. ముత్తమ్మకి ఈ ఏడే ఆఖరు. ఇది పోతే బడి ఆటా లేదు, ఆట పేరు చెప్పి పైన చదువుకునే సీటూ లేదు. మమ్మల్ని జాతి పేరు పెట్టి అవమానించారు, అందుకే దిగిపోయాం అని వాళ్ళ టీచరమ్మ కాగితం పెట్టింది. అట్రాసిటీ కేసు అన్న మాట బజార్లోకి వచ్చేసరికి టౌను టౌనంతా ఒక్కటైపోయింది. పిల్లలు సరదాకి అరిస్తే కేసులేంటండి అన్నారు. మనవాళ్ళు అలాంటివాళ్ళు కాదన్నారు. అరవనేలేదని కూడా అన్నారు. ఆ కాగితం మీద సోమవారం పదకొండింటికి విచారణ. ఆ పిల్లని కూడా రమ్మన్నారు. ఆ రోజు ఆట కోర్టు మధ్యలో నిలబడ్డవాడు రిఫరీ ఒక్కడే కాబట్టి, అతనేం విన్నానంటే అదే ఖాయం.

హెడ్మాస్టరుగారు కేకలెయ్యలేదు. కూర్చోబెట్టి, తనే ఉత్తరం రాయించి ఇచ్చారు. 'ప్రేక్షకుల కోలాహలం మూలంగా నాకు ఏ మాటా స్పష్టంగా వినపడలేదు' అని. కింద సంతకం పెడితే చాలు. నీ కాంట్రాక్టు మార్చికి అయిపోతుంది కదూ అని, అడక్కుండానే గుర్తుచేశారు. ఆ ఆదివారం పొద్దున్నే ఇంకో ఇద్దరు బండి మీద ఇంటికొచ్చారు. వాళ్ళూ కేకలెయ్యలేదు. త్రిమూర్తుల భార్య కాఫీ ఇస్తే బాగుందని తాగారు. వెళ్ళబోతూ ఒకాయన గుమ్మంలో చెప్పులేసుకుంటూ, ఆడుకుంటున్న ఏడేళ్ళ పిల్లని చూసి, నవ్వుతూ అన్నాడు.

"మీ అమ్మాయి ఈ దారినే కదండీ బడికెళ్తుంది?"

అంతే. బండి సందు మలుపు తిరిగేదాకా త్రిమూర్తులు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. తరవాత పిల్లని లోపలికి లాక్కుని తలుపు గడియ పెట్టాడు. ఆదివారం కాబట్టి సరిపోయింది. రేపు పిల్లని బడికి పంపాలా వద్దా అన్న ఒక్క ఆలోచనతోనే పొద్దెక్కింది.

జేబులోంచి రెండు కాగితాలు తీసి మాస్టారి ముందు పెట్టాడు. ఒకటి హెడ్మాస్టరుగారి ఉత్తరం, ఇంకా సంతకం పడలేదు. రెండోది ఆ రోజు స్కోరు కాగితం, విచారణకి తెమ్మన్నారని తెచ్చుకున్నాడు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని మొదటిది చదివి పక్కన పెట్టారు. రెండోది పైకి చదివారు.

"పద్నాలుగో నిమిషం, నాలుగో నంబరు, కూత ఆగింది, అవుట్. పదిహేడో నిమిషం, నాలుగో నంబరు, కూత ఆగింది, అవుట్. రాత నీదేనా?"

"నాదేనండి."

గాలికి ఎగిరిపోకుండా రెండు కాగితాల మీదా శనగల గిన్నె పెట్టారు.

త్రిమూర్తులు ఇక ఆగలేకపోయాడు. "నేను ఒక్క మాట అనలేదు మాస్టారూ. అరిచినవాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. నవ్వినవాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. ఏ పాపం ఎరగని నాకెందుకండి ఇంత భయం?" అన్నాడు.

మాస్టారు కోర్టు దగ్గరున్న పిల్లల్ని పిలిచారు. ఏడుగురున్నారు. శనగలు తినే స్టీలు పళ్ళాలు, గరిటెలు తెచ్చుకోమన్నారు. వాళ్ళలో పెద్దది, నూకరత్నం అనే పిల్లని దగ్గరికి రమ్మని, చెవిలో ఏదో చెప్పారు. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, మిగిలినవాళ్ళకి చెప్పింది. వాళ్ళూ నవ్వారు. మాస్టారు తన మెడలోని పాత ఇత్తడి ఈల చేతిలోకి తీసుకుని, త్రిమూర్తుల వైపు తిరిగారు.

"ప్యాంటు మడుచుకో. కూత పెట్టుకుంటూ వెళ్ళి, ఆ చివరి గీత తాకి రా."

ఇంత గండంలో ఉంటే ఈయనకి ఆటేంటి అని త్రిమూర్తుల మనసు చివుక్కుమంది. కానీ చిన్నప్పట్నించీ ఆ గొంతుకి కాదని ఎరగడు. చెప్పులు విడిచి, తను గీసిన వంకర గీత దాటి, ఊపిరి బిగించి కూత ఎత్తుకున్నాడు. వెంటనే అవతలి పక్షంలో నిలబడ్డ పిల్లల ఏడు పళ్ళాలూ ఒక్కసారి మోగాయి. చెవులు గింగురుమన్నాయి. తన కూత తనకే వినపడడం లేదు. అయినా అతను ఈ ఆటలో పుట్టి పెరిగినవాడు. ఊపిరి నిలబడింది. కాళ్ళకి పాత రోజులు గుర్తొచ్చాయి. మూడు రోజుల తరవాత మొదటిసారి గుండె కాస్త తేలికపడింది. ఇద్దరు పిల్లల్ని తప్పించుకుని, చివరి గీత మీద వేలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

అప్పుడు నూకరత్నం పళ్ళెం కొడుతూనే మొదలుపెట్టింది. మిగిలిన ఆరుగురూ అందుకున్నారు. ఆటపాటలాగా, నవ్వుకుంటూ, ఒకే రాగంలో.

"మీ అమ్మాయి ఈ దారినే కదండీ బడికెళ్తుంది!"

పాపం వాళ్ళకేం తెలుసు. మాస్టారు చెప్పమన్నారు, చెప్పారు. త్రిమూర్తులకి మాత్రం కాళ్ళ కింద ఇసక జారిపోయినట్టయింది. ఏడు నవ్వు మొహాలు చుట్టూ మూగాయి, ఒక్కటీ తనవాళ్ళ మొహంలా అనిపించలేదు. ఇల్లు కనపడింది, సందు మలుపు కనపడింది, సంచీ తగిలించుకుని ఒంటరిగా నడుస్తున్న పిల్ల కనపడింది. గీత నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ నాలుగడుగులూ పడలేదు. అతను తలెత్తి, ఎందుకో తనకే తెలీకుండా, ఈల పట్టుకున్న మనిషి వైపు చూశాడు. ఇది ఆపండి అన్నట్టు చూశాడు.

మాస్టారు వాచీ చూసుకుంటున్నారు.

ఈల మోగింది. "కూత ఆగింది. అవుట్" అన్నారు ఆయన, తాపీగా. పళ్ళాలు ఆగిపోయాయి. పిల్లలు శనగల కోసం బల్ల దగ్గరికి పరుగెత్తారు.

త్రిమూర్తులు అక్కడే చతికిలపడ్డాడు. ఊపిరి ఆడడానికి కొంతసేపు పట్టింది. ముందు అవమానం వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. ఎవరితో చెప్పుకుందామని వచ్చాడో ఆయనే ఆ మాట తీసి పిల్లల నోట పెట్టారు. పోనీ కూత నిజంగా తెగిందా అంటే, ఎంతసేపని? అర క్షణం కూడా ఉండదు. తను ఇక్కడ, ఆయన ఇరవై అడుగుల అవతల. పైగా పనిచేసేది ఒక్క చెవి. అతను లేచి, ఇసక దులుపుకోకుండానే బల్ల దగ్గరికి వెళ్ళి నిలదీశాడు.

"ఏడు పళ్ళాలు మోగుతుంటే, అంత దూరాన కూర్చుని, ఇంత గోలలో నా కూత ఆగిందని మీకెలా వినపడిందండీ?"

అడిగేశాక ఆ మాట అతని చెవినే పడింది. పిల్లలు శనగలు పంచుకుంటూ గిన్నె పక్కకి జరిపారు. రెండు కాగితాలూ బల్ల మీద గాలికి రెపరెపలాడుతున్నాయి, స్కోరు కాగితం ఒకటి, సంతకం లేని ఉత్తరం ఒకటి. త్రిమూర్తులు వాటి వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

మాస్టారు ఈల తుడిచి అతని అరచేతిలో పెట్టారు.

"ఆ పిల్లా అదే అడుగుతుందిరా రేపు" అన్నారు.