తడి నేల లెక్క

పరాంకుశం గారు శిష్యుల ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పేవారు కారు. స్వరూప అడిగినప్పుడూ అంతే, కళ్లద్దాలు తుడుచుకుంటూ ఊరుకున్నారు. ఆమె అడిగింది ఇది: "సార్, లెక్కలో ఎంత తప్పుంటే ఫరవాలేదు?"

ప్లాస్టిక్ తొడుగు వేసిన రాగి తీగను యాంటెనాగా నేలలో పాతితే, దానిలోని కరెంటు ఎలా ప్రవర్తిస్తుందో, సంకేతం మట్టిలో ఎంత లోతు దాకా అందుతుందో ముందే లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఎండు నేలలో లెక్కా కొలతా చక్కగా కలిసేవి. తడి నేలలో ఎంత తంటాలు పడ్డా కలిసేవి కావు. తడి నేల అధ్యాయం వదిలేసి సిద్ధాంత గ్రంథం సమర్పించేద్దామని ఆమె ఆశ.

ఆ వానాకాలంలోనే, వాళ్లు ప్రయోగానికి పైనేలలో తీగ పాతిన బొగ్గుగనిలో పైకప్పు కూలింది. గురువుగారు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లారు. లోపల రెండు చోట్ల మనుషులు చిక్కుకుపోయారు. తూర్పున ఎవరో ఇనుప గొట్టం మీద కొడుతున్న చప్పుడు పైకి వినబడుతోంది. పడమట, సరిగ్గా తీగ కింద, రాజలింగు, అతని జోడీ పనివాడు ఉన్నారు. వాళ్ల చేతిలో రేడియో ఉంది. కానీ పైన తీగకు తగిలించిన రిసీవర్‌లో స్వరూపకు వినబడింది ఉత్త హోరే.

రక్షణ బృందం ఒక్కటే. దాని నాయకుడు ఆమె ముందుకు వంగి అడిగాడు. "మాట రాకపోవడం నేల వల్లనా, మనుషులు లేకనా? చెప్పమ్మా, ఎటు తవ్వాలో తేల్చుకోవాలి."

స్వరూప గురువుగారి వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు. వానలో తడిసి ముద్దయిన రాజలింగు భార్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన పలుకుతున్నడా, బిడ్డా?"

"తెలియదు" అంది స్వరూప. ఇద్దరికీ అదే జవాబు.

తూర్పుకే తవ్వారు. అక్కడివాళ్లు బతికి బయటపడ్డారు. పడమటికి చేరేసరికి ఆలస్యమైపోయింది. రాజలింగు బొటనవేలు రేడియోలో మాట్లాడేందుకు నొక్కే మీట మీదే బిగుసుకుపోయి ఉంది. బ్యాటరీ అడుగంటా అయిపోయింది. వాళ్లు పిలుస్తూనే ఉన్నారన్నమాట.

స్వరూప తీగ పక్కన బురదలో కూలబడిపోయింది. ఏడుపు కూడా రాలేదు. "నావల్ల కాదు సార్. ఈ చదువు ఇక నాకొద్దు" అంది.

గురువుగారు కారులోంచి కొలత పరికరాల పెట్టె మోసుకొచ్చి ఆమె పక్కన దించారు.

"రేపట్నుంచి ఎండ కాస్తుందట. నేల ఇంకా తడిగానే ఉంది" అన్నారు.