మెలికలో పడని చుక్క

తిరపతయ్య మాస్టారు అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ణి ఏదో ఒక పనికి పురమాయించి, తాను అరుగు మీద కూర్చుని చూస్తూ ఉండేవారు.

మంచు కురుస్తున్న ఒక ఉదయం శశాంక వచ్చాడు. లెక్కల్లో పరిశోధన చేస్తున్న కుర్రాడు, ఆ ఊరి మార్క్సిస్టు అధ్యయన బృందంలో అందరికంటే చురుకైనవాడు. సిద్ధాంతంలో ఇమడని ప్రశ్నలు మానడం లేదని అతని స్నేహితుడు జోజిని ఆ సాయంత్రం బృందం నుంచి తీసేయబోతున్నారు. శశాంక కూడా చెయ్యెత్తాలి. సంగతంతా మాస్టారికి చెప్పి, చివరికి అడిగాడు.

"ఇంతింత చదివినవాళ్ళం, మాకు ఈ సిద్ధాంతమంటే ఎందుకండీ ఇంత మోజు?"

"వాకిట్లో అమ్మాయి ఒక్కతే ఉంది, పోయి సాయం చెయ్యి" అన్నారు మాస్టారు.

ఆయన కూతురు రాజ్యం కళ్ళాపి చల్లిన నేల మీద చుక్కలు పెట్టడం అప్పుడే ముగించింది. "మెలికల ముగ్గు తమ్ముడూ. ఒక్కటే గీత. ఏ చుక్కనీ తాకకూడదు, ఏ చుక్కనీ వదలకూడదు, తిరిగి తిరిగి మొదలెట్టిన చోటికే రావాలి. లెక్కలవాడివిగా, కానీ చూద్దాం!" అంటూ పిండి గిన్నె చేతిలో పెట్టి, పొయ్యి మీది పాలు చూసుకోవడానికి లోపలికి వెళ్ళింది.

శశాంక మొదట తడబడ్డాడు. తర్వాత గీత ఎటు తిరగాలో చేతికే తెలిసిపోసాగింది. వీధి, ఎదురిల్లు, కరెంటు స్తంభం మంచులో కరిగిపోయాయి. తడినేల మీద తెల్లని గీత ఒక్కటే మిగిలింది. విడివిడిగా పడి ఉన్న చుక్కలు ఒక్కొక్కటే దాని ఒడిలోకి వచ్చి, ఎప్పటినుంచో దానికోసమే ఎదురుచూస్తున్నట్టు కుదురుకున్నాయి. ఇన్నాళ్ళు గదిలో ఒంటరిగా చదివిందంతా ఈ గీత గీయడానికేనేమో అనిపించింది అతనికి. గీత నెమ్మదిగా వచ్చి తన మొదలును కలుసుకుంది.

అప్పుడు కనిపించింది, గేటు పక్కన, బయట మిగిలిపోయిన చుక్క.

శశాంక అటూ ఇటూ చూశాడు. కాలి బొటనవేలితో దాన్ని చెరిపేశాడు.

రాజ్యం వచ్చి ముక్కున వేలేసుకుంది. "అమ్మో, నాకంటే బాగా వేశావే!" అంతలోనే గేటు వైపు చూసింది. "ఇక్కడ నా చుక్కేది?"

"అది లెక్కకి ఎక్కువైందక్కా."

"ఎక్కువైతే ఇంకో మెలిక తిప్పాలి గానీ! పిండికేమన్నా కరువా?" అని నవ్వింది.

శశాంక నవ్వలేకపోయాడు. పిండి గిన్నె ఆమె చేతికిచ్చి అరుగు దగ్గరికి వచ్చాడు.

"సాయంత్రం నేను చెయ్యెత్తలేను మాస్టారూ. కానీ ఒకటి అర్థం కావడం లేదు. ఆ చుక్క చెరపాలని నేను అనుకోనైనా అనుకోలేదు. కాలు దానంతటదే వెళ్ళింది."

మాస్టారు ముగ్గు మీంచి చూపు తిప్పుకోలేదు.

"ముగ్గు వంకరగా వచ్చి ఉంటే కాలు అటు వెళ్ళేది కాదు నాయనా" అన్నారు.