నిలబెడితే సొమ్మసిల్లే కారు

నెల్లిపూడి సంస్థానాధీశులు విజయగోపాల భూపతి గారికి ఒక పాత మోటారు కారు ఉండేది. పరుగెత్తేటప్పుడు దానికి ఏ లోటూ లేదు. ఎక్కడైనా నిలబెడితే మాత్రం ఇంజను వణికి వణికి ఆగిపోయేది. జనం దండాలు పెట్టే చోటల్లా ఆ జనమే కారును తొయ్యాల్సి వచ్చేది.

ఒకరోజు రాజుగారికి విసుగొచ్చింది.

"సాయంత్రం షికారులోగా దీని జబ్బేమిటో తేలాలి!" అన్నారు.

మోటారుఖానా అధికారి ముక్కంటిరాజు మీసం దువ్వాడు.

"ఇంజను ముసలిదైపోయింది ప్రభూ! మద్రాసు నుంచి కొత్తది తెప్పించాలి. ముసలివాటితో ఇదే తంటా. మన విదూషకుడు పేరిశాస్త్రి గారిని చూడండి, నిన్న చెప్పిన కథే ఇవాళా చెప్పారు. ఆయనకూ విశ్రాంతి ఇప్పిస్తే బాగుంటుంది."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజుగారికి సరదా పుట్టింది.

"అయితే శాస్త్రీ, జబ్బు నువ్వే తేల్చు. తేల్చలేకపోతే రేపటి నుంచి ఇంటిపట్టున ఉండు."

పేరిశాస్త్రి తలూపాడు. కథ రెండుసార్లు చెప్పిన మాట నిజమే. ఈమధ్య మనుషుల పేర్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. నలుగురితో మాట్లాడే ఈ కొలువు కూడా లేకపోతే గుర్తున్న నాలుగూ పోతాయని ఆయన దిగులు.

కారు దగ్గరికి వెళ్లి, ఇంజను ఆడించమని చెప్పి చెవి ఒగ్గాడు. ఎక్కడో సన్నగా బుస కొడుతోంది. ముందు అద్దం తుడిచే పుల్లకు ఇంజను నుంచి ఒక రబ్బరు గొట్టం ఉంది. ఇంజను గాలి పీలిస్తేనే ఆ పుల్ల ఆడుతుంది. గొట్టం పగిలి, దొంగగాలి లోపలికి దూరుతోంది. పరుగులో అది లెక్కలోకి రాదు, నిలబడితే మాత్రం ఇంజను ఆగిపోతోంది.

ఆ మాట తను చెబితే ముక్కంటిరాజు ఒప్పుకోడు. పేరిశాస్త్రి కాస్త ఆలోచించి, ఒక దబ్బనం సంపాదించి, రాజుగారి హుక్కా ఉన్న గదిలోకి వెళ్లొచ్చాడు.

సాయంత్రం రాజుగారు హుక్కా పీల్చారు. పొగ రాలేదు. మళ్లీ పీల్చారు. ఒట్టి గాలి.

"హుక్కా ముసలిదైపోయింది ప్రభూ! మద్రాసు నుంచి కొత్తది తెప్పించాలి," అన్నాడు పేరిశాస్త్రి.

ముక్కంటిరాజు పకపకా నవ్వి, గొట్టం తడిమి చూశాడు.

"మతి పోయిందా శాస్త్రి గారూ? గొట్టానికి చిల్లు పడింది. పొగ రావలసిన చోట గాలి దూరుతోంది. దీనికి హుక్కా మార్చాలా? తడిగుడ్డ చుడితే సరి!"

తన రుమాలే తడిపి చుట్టాడు. పొగ గుప్పుమంది. రాజుగారు భేష్ అన్నారు.

పేరిశాస్త్రి చేతులు కట్టుకున్నాడు.

"ఆ వైద్యమే కారుక్కూడా చెయ్యండి ముక్కంటిరాజు గారూ. చిల్లు ఎక్కడుందో నేను చూపిస్తాను."

ముక్కంటిరాజు తన రెండో రుమాలు తడిపి కారు గొట్టానికి చుట్టగానే ఇంజను వణుకు మాని నెమ్మదిగా ఆడింది. ఎన్నాళ్లుగానో చచ్చిపడి ఉన్న పుల్ల, వాన లేకపోయినా, లేచి అద్దం తుడవడం మొదలుపెట్టింది.

రాజుగారు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. భుజం మీది శాలువా తీసి పేరిశాస్త్రికి కప్పి, కారులో పక్కన కూర్చోబెట్టుకున్నారు.

షికారులో కారు నిలిచిన చోటల్లా ముక్కంటిరాజు దిగి, తన రుమాలు సరిచేసి, మళ్లీ ఎక్కాడు.