బేస్ గిటారుకి దిష్టిచుక్క

తణుకులో సత్తిపండు గారింట్లో ఉన్నంత తెలివి జిల్లా మొత్తం గాలించినా దొరకదు. ఇది ఊళ్ళోవాళ్ళ మాట కాదు, వాళ్ళ మాటే. వాళ్ళ గేటుకి తాళం ఉంటుంది. తాళంచెవి పోతుందేమోనని దాన్ని ఆ తాళానికే తాడేసి కట్టేశారు. మరి దొంగొస్తే ఎలాగయ్యా అని ఎవరైనా అడిగితే సత్తిపండు జాలిగా నవ్వుతాడు.

"దొంగ తాళం పగలగొడదామని వస్తాడండి. తాళంచెవి కోసం ఎందుకు చూస్తాడు? ఆయ్."

ఇంట్లో సత్తిపండు, అతని తమ్ముడు బుల్లెబ్బాయి, వాళ్ళమ్మ మంగతాయారు, సత్తిపండు కూతురు లోహిత. లోహిత వాళ్ళమ్మ కూడా ఉంది కానీ ఆ వారం పుట్టింటికెళ్ళింది. ఆవిడ ఇంట్లో ఉంటే అసలీ గోలే ఉండేది కాదు.

ఆ ఇంటికి ఒకటే రూలు. ఎవరేం చెబితే అది, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. మధ్యలో మన బుర్ర కలపకూడదు. "బుర్ర కలిపినోళ్ళే చెడిపోయార్రా" అంటుంది మంగతాయారు. అందుకే ఆవిడ బుర్ర ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది.

లోహితకి మాత్రం లోలోపల ఒక బాధ. ఇంటర్ సెకండియర్ కదా, నాన్న, బాబాయి, నానమ్మ కొంచెం మొద్దులని, ఇంట్లో అసలు తెలివి తనకొక్కదానికే వచ్చిందని గట్టి నమ్మకం. పైగా బేస్ గిటారు వాయిస్తుంది. ఊళ్ళో ఇంకెవరికి వచ్చు?

ఆ సెకండ్‌హ్యాండ్ గిటారు ఇంటికొచ్చిన రోజే నానమ్మ ఎగాదిగా చూసి ముక్కు మీద వేలేసుకుంది. "ఎదురింటోళ్ళ గిటారుకి ఆరు తీగలున్నాయి. దీనికి నాలుగేంటే? మిగతా రెండూ ఎవడు పీక్కెళ్ళాడు?"

"బేస్ గిటారుకి నాలుగేనే నానమ్మా."

"పోన్లే. ఇంకా చిన్నదేమో. పళ్ళొచ్చినట్టు అవే వస్తాయిలే."

గిటారొక్కటే అయితే పర్లేదు. దానికో ఆంప్లిఫయర్ ఉంది. నల్లటి డబ్బా, బియ్యం బస్తా అంత బరువు. ఆ డబ్బాకీ గిటారుకీ మధ్యలో ఒక జాకు వైరు. ఇవన్నీ ఉంటేనే సౌండు. ఒక్కటి తగ్గినా లోహిత వేళ్ళు ఊరికే ఆడతాయి, దోమలు తోలుకుంటున్నట్టు.

ఊళ్ళో విక్టర్ మాస్టారి ఆర్కెస్ట్రా ఉంది. పెళ్ళిళ్ళకి వాయిస్తారు. వాళ్ళ బేస్ అతనికి వైజాగ్‌లో ఉద్యోగమొచ్చి పోయాడు. కుర్చీ ఖాళీ. మాస్టారు కీబోర్డు మీద కుడిచేత్తో పాట వాయిస్తూ, ఎడమచేత్తో ఆ బేస్ కూడా నెట్టుకొచ్చేస్తున్నారు. లోహిత వెళ్ళి అడిగితే తేల్చి చెప్పేశారు.

"చూడమ్మా, గురువారం అత్తిలిలో పెళ్ళి. మధ్యాహ్నం భోజనాల టైంలో ప్రోగ్రాం. సామాను వేళకి తెచ్చి, బాగా వాయిస్తే ఆ కుర్చీ నీది. లేదంటే నా ఎడమచెయ్యి ఉంది. దానికి డబ్బా అక్కర్లేదు, మోసేవాళ్ళూ అక్కర్లేదు."

అంతే. ఆ రోజు నుంచి లోహితకి లోకంలో ఒకే ఒక్క శత్రువు, మాస్టారి ఎడమచెయ్యి.

సోమవారం మొదటి రిహార్సల్. లోహిత కాలేజీ నుంచి అటే వెళ్ళాలి, సామాను నాన్న, బాబాయి తేవాలి. మాస్టారు సత్తిపండుకి ఫోన్ చేశారు. "జాకు వైరు మర్చిపోకండేం. అందరూ అదే మర్చిపోతారు."

"ఆయ్, ప్రాణం పోయినా మర్చిపోమండి."

సాయంత్రం రైసుమిల్లు వెనక మేడ మీద ఆర్కెస్ట్రావాళ్ళందరూ రెడీ. అన్నదమ్ములిద్దరూ మెట్లెక్కి వచ్చారు. వైరుకి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు పట్టుకున్నారు. ఒకడు మర్చిపోయినా రెండోవాడికి గుర్తుంటుందని. మధ్యలో పసుపు గుడ్డ కూడా చుట్టారు.

"గిటారేదండీ?" అన్నారు మాస్టారు.

"ఇంట్లో ఉందండి."

"ఆంప్లిఫయర్?"

"అదీ ఇంట్లోనే క్షేమంగా ఉందండి. మీరు వైరు మర్చిపోవద్దన్నారు, మర్చిపోలేదు చూడండి!" అని సత్తిపండు ఛాతీ ఉబ్బించాడు.

లోహిత తల పట్టుకుంది. "నాన్నా, గిటారు లేకుండా వైరేం చేసుకుంటాం?"

"అది మాస్టార్ని అడగవే. ఆయన కదా తెమ్మన్నది."

ఇంకేముంది, ఆ రోజు రిహార్సలంతా ఎడమచెయ్యే వాయించింది. లోహిత వైరు చుట్టచుట్టుకుని కూర్చుని, ఆ చేతి వేళ్ళు తనని వెక్కిరిస్తున్నట్టు చూస్తూ ఉండిపోయింది. పోతూ పోతూ మాస్టారు కాస్త గట్టిగానే అన్నారు. "రేపు ఇంట్లో ఒక్కటి కూడా మిగలకూడదు. అన్నీ తెచ్చెయ్యండి!"

మర్నాడు సాయంత్రం రైసుమిల్లు సందులోకి ట్రాక్టరు దిగింది. దాని మీద మంచం, మంచం మీద బీరువా, బీరువా పక్కన గ్యాసు సిలిండరు, పప్పు డబ్బాలు, చీపురు, దేవుడి పటాలు, గోడగడియారం. అన్నిటి మీద గ్రైండరు, గ్రైండరు మీద మంగతాయారు. ఆవిడ ఒళ్ళో సగం ఉడికిన అన్నం గిన్నె.

"ఒక్కటి కూడా మిగల్లేదండీ!" అని అరిచాడు బుల్లెబ్బాయి. "గేటు కూడా పీకేద్దామనుకున్నాం, తాళం వేసుంది!"

లోహితకి ఏడుపొక్కటే తక్కువ. "గిటారెక్కడ బాబాయ్?"

"అదే కదమ్మా ముందు ఎక్కించాం. అన్నిటికన్నా కింద భద్రంగా ఉంది."

మంచం దించారు. బీరువా దించారు. పప్పు డబ్బాలు దించారు. నానమ్మని దించబోతే అన్నం అడుగంటుతుందని ఆవిడ దిగనంది. గిటారు బయటపడేసరికి డ్రమ్ములవాడు వెళ్ళిపోయాడు, పాట పాడే అమ్మాయి వెళ్ళిపోయింది. మాస్టారొక్కరే మిగిలారు, అదీ సందంతా వీళ్ళ సామానే ఉండి స్కూటరు బయటికి రాక.

అయినా మాస్టారు మంచోడు. లోహిత చేత రెండు పాటలు వాయించి చూశారు. ఆమె వేళ్ళు పడగానే ఆయన మొహం మారిపోయింది. వాయింపు మాత్రం బ్రహ్మాండం!

"ఇదిగో అమ్మాయ్, స్టేజీ మీద కంగారు పడకు. నా చెయ్యి పైకి లేస్తే మొదలెట్టు, చెయ్యి దించితే ఆపు. అంతే, ఇంకేం ఆలోచించకు."

"ఆలోచించను మాస్టారూ" అంది లోహిత. ఆ మాట నిలబెట్టుకోవడం ఆమెకి కష్టం కాదు.

తరవాత ఆయన సత్తిపండు వైపు తిరిగి, ఒక్కో మాటా నూరి పోసినట్టు చెప్పారు. "ఎల్లుండి మూడే తెండి. గిటారు, ఆంప్లిఫయర్, వైరు. గిటారుని చంటిపిల్లని తెచ్చినట్టు తీసుకురండి. ఆ డబ్బా మీరిద్దరూ పట్టుకోండి, నేను చెప్పేదాకా కింద పెట్టొద్దు. సరేనా?"

"ఆయ్!"

గురువారం పొద్దున్నే మంగతాయారు కాళ్ళు చాపుకుని, గిటారుని కాళ్ళ మీద వేసుకుని కూర్చుంది. మెడకి ఆముదం రాసింది. తీగల సందులో సున్నిపిండి అద్దింది. వేణ్ణీళ్ళ చెంబు ఎత్తేసరికి లోహిత పరిగెత్తుకొచ్చింది.

"నానమ్మా, నీళ్ళు పొయ్యకే! పొద్దున్నే తలంటితే జలుబు చేస్తుంది."

"అవునే, నాకు తట్టనేలేదు. నీకు భలే తెలివే."

చివరికి సాంబ్రాణి పొగేసి, పాత నేతచీరలో చుట్టి, కుచ్చుటోపీ పెట్టి, కాటుకతో ఇంత దిష్టిచుక్క పెట్టింది.

బస్సులో సీట్లు బోలెడు ఖాళీ. అన్నదమ్ములు మాత్రం డబ్బాని చెరోవైపు పట్టుకుని మధ్యలో నిలబడ్డారు. బస్సు బ్రేకేస్తే ముందుకి ఉరుకుతున్నారు, కదిలితే వెనక్కి పోతున్నారు. కండక్టరు చూళ్ళేకపోయాడు.

"అది కింద పెట్టి కూర్చోండయ్యా బాబూ."

"మాస్టారు చెప్పాలండి."

"నేను చెప్తున్నాగా!"

"మీరు మాస్టారాండి?"

కండక్టరు తన టికెట్ల మిషన్ వైపు చూసుకుని, కాదన్నట్టు తలూపి ముందుకెళ్ళిపోయాడు.

పక్కసీటామె మంగతాయారు ఒళ్ళో మూట చూసి మురిసిపోయింది. "ఎన్నో నెలండీ?"

"ఏళ్ళు వచ్చేశాయమ్మా. మా దగ్గరికి ఈ మధ్యే వచ్చింది."

"అయ్యో, పెంచుకుంటున్నారా! మెడేంటండీ ఇంత పొడుగుంది?"

"గాత్రం అంతా అందులోనే కదమ్మా ఉంది."

ఆమె టోపీ కొంచెం జరిపి చూసింది. మొహం లేదు. నాలుగు మేకులున్నాయి. అంతే, కెవ్వుమని ఒక్క కేకేసి, వచ్చిన స్టాపులో దిగి వెళ్ళిపోయింది. "పాపం, దిష్టి తగుల్తుందని దిగిపోయింది, మంచి మనిషి" అంది మంగతాయారు.

ఫంక్షన్ హాల్లో భోజనాలు మొదలయ్యాయి. మాస్టారు వీళ్ళని చూసి హమ్మయ్య అనుకున్నారు. "వచ్చారా! గిటారివ్వండి, తొందరగా."

"ష్" అంది మంగతాయారు. "ఇప్పుడే పడుకుంది."

ఈలోపు పెళ్ళికూతురి మేనమామ వచ్చి పాటలేవండీ అని కసిరాడు. మాస్టారు కీబోర్డు దగ్గరికి పరిగెత్తారు. లోహిత మూట విప్పింది, ప్లగ్గు పెట్టింది, వైరు గుచ్చింది. కూర్చోడానికి చూస్తే ఆర్కెస్ట్రా కుర్చీలు ఒకటి తక్కువ. "ఎక్కడో ఒకచోట కూర్చో!" అని అరిచారు మాస్టారు. స్టేజీ మధ్యలో ఎర్ర ముఖమల్ సింహాసనం ఖాళీగా ఉంది. పెళ్ళికూతురు భోజనానికి వెళ్ళింది. లోహిత దర్జాగా వెళ్ళి దాంట్లో కూర్చుంది, చేతుల కింద రెండు సింహం తలకాయలు.

మాస్టారి కుడిచెయ్యి లేచింది. లోహిత మొదలెట్టింది.

అబ్బో, ఏం వాయించిందనీ! సాంబారు గిన్నెల్లో అలలు లేచాయి. ఆంప్లిఫయర్ని కింద పెట్టమని ఎవరూ చెప్పలేదు కాబట్టి అన్నదమ్ములు దాన్ని పట్టుకుని వెనకే నిలబడ్డారు. డబ్బా అదిరితే వాళ్ళ పొట్టలదిరాయి, పొట్టలదిరితే మనుషులూగారు. ఇద్దరూ ఒకేలా అటూ ఇటూ ఊగుతుంటే జనం అదేదో కొత్త ఐటం అనుకుని విస్తళ్ళు వదిలేసి లేచారు. "ఆ డబ్బా డాన్సు మళ్ళీ పెట్టండి!" అని ఒకటే ఈలలు. మాస్టారి ఎడమచెయ్యి పనీపాటా లేక ఒళ్ళో పడుకుంది. లోహిత అది చూసింది. ఆమె కడుపు నిండిపోయింది.

ఆఖరి పాట అయ్యింది, చెయ్యి దిగింది, లోహిత ఆపింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయ్, ఇవాళ్టి నుంచి ఆ కుర్చీ నీదే. ఎవరొచ్చి అడిగినా వదలకు." అనేసి ఆయన భోజనానికి వెళ్ళిపోయారు.

లోహిత సింహం తలకాయల్ని గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి పెళ్ళికూతురొచ్చింది. "చెల్లీ, కొంచెం లేస్తావా? ఫొటోలున్నాయి."

"సారీ అక్కా. ఇది నాది. మాస్టారిచ్చేశారు."

పెళ్ళికూతురు బిత్తరపోయి వాళ్ళ మేనమామని పిలవడానికెళ్ళింది. సత్తిపండుకి కంగారొచ్చింది. "ఇంటికి పోదాం లేవే."

"వదలొద్దన్నారు కదా నాన్నా. మీకు కొంచెం కూడా బుర్ర లేదేంటి?"

"మరి నిన్ను కుర్చీతో సహా మేము మొయ్యాలంటే డబ్బా దించకూడదాయె, చేతులు ఖాళీ లేవాయె" అన్నాడు బుల్లెబ్బాయి.

అందరూ మంగతాయారు వైపు చూశారు. ఆవిడ ఆలోచించింది. "కింద కదరా పెట్టొద్దన్నారు? దాని ఒళ్ళో పెట్టండి. అది పైన కదా."

ఇంకేముంది! ప్లగ్గు పీకి డబ్బా లోహిత ఒళ్ళో పెట్టారు. అన్నదమ్ములు సింహాసనం చెరోవైపు ఎత్తారు. మంగతాయారు గిటారుని మళ్ళీ చుట్టి భుజాన వేసుకుని ముందు నడిచింది. రోడ్డు మీద జనం పెళ్ళికూతుర్ని ఊరేగిస్తున్నారనుకుని పక్కకి తప్పుకుని దండాలు పెట్టారు. ఒకావిడైతే గుప్పెడు అక్షింతలు కూడా వేసింది. "నీ మంచితనం చూసే వేస్తున్నారే" అని సత్తిపండు కళ్ళు తుడుచుకోబోయాడు, చెయ్యి ఖాళీ లేదు.

సింహాసనం బస్సు తలుపులో పట్టలేదు. తణుకు వెళ్ళే ట్రాలీ ఆటో ఒకటి దొరికింది. ఎక్కించారు. ఆటో కదిలింది.

అప్పుడు వెనకనుంచి కేకలు. చూస్తే విక్టర్ మాస్టారు పరిగెత్తుకొస్తున్నారు. ఆయన వెనక మేనమామ, ఆయన వెనక హాలు మేనేజరు, ఆ వెనక చీర పైకెత్తుకుని పెళ్ళికూతురు. మాస్టారి కుడిచెయ్యి గాల్లో ఉంది, దానికింకా పులిహోర అంటుకునే ఉంది.

"నాన్నా! మాస్టారి చెయ్యి లేచింది!"

ఆంప్లిఫయర్ని సింహాసనంలో పక్కకి ఇరికించి, నానమ్మ భుజం మీంచి గిటారు లాక్కుని లోహిత మొదలెట్టేసింది. కరెంటు లేదు, సౌండు లేదు. మాస్టారికి చిక్క్ మని కూడా వినబడలేదు. ఆయన ఇంకా గట్టిగా అరుస్తూ రెండో చెయ్యి కూడా ఎత్తారు.

లోహిత వాయిస్తూనే కేకేసింది. "నానమ్మా, చూడవే! ఎడమచెయ్యి! ఎడమచెయ్యి కూడా నన్నే వాయించమంటోంది!"

"రెండు చేతులంటే రెట్టింపు స్పీడే" అంది మంగతాయారు.

లోహిత వేళ్ళు కనబడనంత వేగంగా వాయించింది. ఆటో మలుపు తిరిగింది. మాస్టారు, మేనమామ, పెళ్ళికూతురు అందరూ కొబ్బరిచెట్ల వెనక మాయమైపోయారు.

సాయంత్రం తణుకులో వీధి వీధంతా సత్తిపండు గారి గేటు ముందు గుమిగూడింది. సింహాసనంలో లోహిత, వేళ్ళు వాచిపోయి, ఒళ్ళంతా చెమటతో, ఇంకా వాయిస్తూనే ఉంది.

"ఆపవే తల్లీ, ఇల్లొచ్చేసింది" అన్నాడు సత్తిపండు.

లోహిత జాలిగా చూసింది. ఇలాంటి మొద్దులింట్లో ఎందుకు పుట్టానా అనుకుంది.

"ఎలా ఆపుతాను నాన్నా? మాస్టారు చెయ్యి దించడం మనం చూడనే లేదు కదా!"