ఎండుపుల్ల తెచ్చిన ముంగిస

ఇప్పకోన అడవిలో కొండముచ్చులు ఉండేవి, అడవిపందులు ఉండేవి, నెమళ్లు ఉండేవి. అందరికంటే ఎక్కువగా దుప్పులు ఉండేవి. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగు ఇంకిపోయింది, చెలమలు అడుగంటాయి. చివరికి మిగిలింది గుట్ట వెనక ఉన్న ఊటమడుగు ఒక్కటే. దాహం తీరాలంటే అక్కడికే పోవాలి. రేచుకుక్కల గుంపు కాచుకుని కూర్చునేదీ అక్కడే.

అందుకని దుప్పుల మందలో ఒక పద్ధతి ఉండేది. ముసలి దుప్పి పెద్దచుక్కి పెట్టిన పద్ధతి అది. మంద కదలకముందే ఎవరో ఒకరిని మడుగు చూసి రమ్మని పంపాలి. అంతా బాగుంటే, పోయినవాళ్లు ఒడ్డున మొలిచిన పచ్చి తుంగపోచ కొరికి తేవాలి. బాగా లేకపోతే ఎండుపుల్ల తేవాలి, ఎందుకు బాగా లేదో చెప్పాలి. పంపినవాళ్లు ఆ నోట్లో ఏముందో ముక్కు పెట్టి చూశాకే కాలు కదపాలి.

కుక్కలున్నాయంటే ఆగేవారు. దారి మూసుకుపోయిందంటే గుట్ట చుట్టి పోయేవారు. కారణం తెలిస్తేనే కదా ఉపాయం! కంప్యూటరు ప్రోగ్రాములు రాసే పిల్లలు, ఒక చిన్న పని చేసిపెట్టే ఫంక్షన్‌ను పిలిచి, అది ఏ జవాబు తెస్తుందా అని చూస్తారే, సరిగ్గా అలాగన్నమాట.

పెద్దచుక్కికి వయసు మీదపడ్డాక మంద పెత్తనం చెంగన్నకు వచ్చింది. చెంగన్న చెడ్డవాడేం కాదు. కానీ నిలకడ ఏ కోశానా లేదు. కొమ్ములు చూసుకుని మురిసిపోవడం ఒకటి, నిలబడ్డచోట నిలబడలేకపోవడం ఒకటి. దానికి తోడు ఆ వేసవిలో వాడి కూతురు తువ్వి, పాలు మరిచి నెల కూడా కాని పసిది, "నాన్నా, దాహం" అంటూ కాళ్లకు అడ్డంపడుతూ ఉండేది. ఆ మాట విన్నప్పుడల్లా చెంగన్న మడుగు వైపే చూసేవాడు.

ఒక సాయంత్రం ముంగిస గవరయ్యను మడుగుకు పంపాడు. గవరయ్య ఎండుపుల్లతో తిరిగొచ్చాడు.

"కుక్కల వాసన కొడుతోంది పెద్దాయనా. ఇవాళ్టికి వద్దు" అన్నాడు.

చెంగన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ నోట ఒక్క మంచి మాట రాదేం? ఎప్పుడు పంపినా ఎండుపుల్లే! శని మొహం నువ్వూనూ!" అంటూ గిట్టతో ఒక్క తన్ను తన్నాడు. గవరయ్య దొర్లుకుంటూ పోయి పరికిపొదలో పడ్డాడు. ఆ రాత్రి మందంతా దాహంతో పడుకుంది. ప్రాణాలతో పడుకుందన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

మర్నాడు ఎండ ఇంకా ముదిరింది. చెంగన్న ఈసారి కుందేలు పిలకను పంపాడు. పంపిన దగ్గర్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. చెట్టు దాకా పోయాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ పోయాడు. చెవులు నిక్కబొడుచుకుని చూశాడు. "ఇంకా రాదేం? ఇంకా రాదేం?" అని నేలను గిట్టలతో దున్నేశాడు.

పిలక రొప్పుకుంటూ వచ్చింది. నోట్లో పచ్చిపోచా లేదు, ఎండుపుల్లా లేదు.

"తిరిగొచ్చావా?"

"తిరిగొచ్చాను."

"ఎండుపుల్ల తేలేదు కదా?"

"తేలేదు..."

"అయితే అంతా బాగున్నట్టే! లేవండి, లేవండి!"

పెద్దచుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది. "పచ్చిపోచ ఏది నాయనా? దాని నోట్లో ఏమీ లేదు. ఏమీ లేదంటే మనకింకా ఏమీ తెలియదనే. ఒక్కసారి నిమ్మళంగా అడుగు."

"అడుగుతూ కూర్చుంటే నా బిడ్డ గొంతెండి చచ్చేట్టుంది అవ్వా! పోయింది తిరిగొచ్చింది, ఇంకేం కావాలి నీకు?"

పిలక ఏదో అనబోయింది. చెంగన్న గిట్ట వైపు చూసి నోరు మూసుకుంది.

పెద్దచుక్కి మాట విన్నవాళ్లు ఆగిపోయారు. మిగతా మంద చెంగన్న వెనక నడిచింది. తువ్వి తండ్రి పక్కనే చెంగుచెంగున గంతులేసింది, నీళ్లంటే అంత సంబరం దానికి.

దారిలో చెంగన్నకు మనసు మనసులో లేదు. రోజూ ఈ వేళకు చెవులు చిల్లులు పడేలా అరిచే కొండముచ్చులు కిక్కురుమనడం లేదు. ఆగుదామా అనుకున్నాడు. "ఛ, ఇంత దూరం వచ్చాక ఆగడమేంటి!" అని తనకు తనే సర్దిచెప్పుకుని ఇంకా వేగంగా నడిచాడు.

మడుగు కనపడింది. నీళ్లు తళతళలాడుతున్నాయి. తువ్వి మూతి ముందుకు చాచింది.

అంతే! తుంగలోంచి రేచుకుక్కలు ఒక్కసారిగా లేచాయి. మంద చెల్లాచెదురైంది. ఒక కుక్క చెంగన్న వెనకకాలు పట్టుకుంది. వాడు విదిలించుకుని, కుంటుకుంటూ, పడుతూ లేస్తూ పెద్దచుక్కి దగ్గరికి వచ్చిపడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి చేరుకున్నారు.

తువ్వి రాలేదు.

చెంగన్న మందంతా వెతికాడు. "తువ్వీ! తువ్వీ!" అని అరిచాడు. వెనక్కి పరుగెత్తబోతే కాలు మడతపడి కూలబడ్డాడు. అప్పుడు పిలక ఏడుస్తూ ముందుకు వచ్చింది.

"దారిలోనే కుక్కల వాసన తగిలింది చెంగన్నా. మడుగు దాకా పోనే లేదు. ఎండుపుల్ల నోట కరుచుకున్నాను కూడా. నువ్వు తంతావేమోనని ఉమ్మేశాను."

చెంగన్న తల సిగ్గుతో నేలకు వాలిపోయింది. కుందేలు అబద్ధం చెప్పలేదు. తనే నిజాన్ని తన్ని తరిమేశాడు.

గవరయ్య పొదలోంచి బయటికి వచ్చాడు. "నేను పోయి పాపను తీసుకొస్తాను" అన్నాడు. ఎవరి బదులూ వినకుండా గడ్డిలో దూరిపోయాడు.

ఇక చెంగన్న ఎదురుచూపు చూడాలి! నిన్నటిదాకా కాళ్లు నిలవక తిరిగినవాడు ఇప్పుడు తిరగలేడు. కాలు సలుపుతోంది, ప్రాణం అంతకంటే ఎక్కువ సలుపుతోంది. ఆకు కదిలితే ఉలిక్కిపడ్డాడు. గాలి వీస్తే తల ఎత్తాడు. గడ్డి మళ్లీ కదిలింది. గవరయ్య వచ్చాడు. చూడాలంటే చెంగన్నకు భయం వేసింది. అయినా చూశాడు.

నోట్లో ఎండుపుల్ల.

మందలో ఒక ఏడుపు లేచింది. అదే వాడు నిన్నటి చెంగన్నయితే గిట్ట లేచేది, కథ అక్కడితో సరి. కానీ వాడు కుంటుకుంటూ వచ్చి, తల వంచి, ముక్కును ఆ పుల్లకు ఆనించాడు.

"ఎందుకు కాలేదు గవరయ్యా? చెప్పు. నేను వింటాను."

"పాప బతికే ఉంది పెద్దాయనా! గుట్ట వెనక రెండు బండల మధ్య ఇరుక్కుంది. నాకు లాగే బలం చాలలేదు. కుక్కలు మడుగు దగ్గరే ఉన్నాయి, మామూలు దారిన పోవద్దు. పై నుంచి దిగితే గాలి మనవైపుకే ఉంటుంది, వాటికి వాసన తగలదు."

చెంగన్న లేచాడు. పెద్దచుక్కి ముందు నడిచింది, గవరయ్య దారి చూపాడు. గుట్ట మీదుగా చప్పుడు కాకుండా దిగారు. చెంగన్న తన కొమ్మును బండ కిందికి దూర్చి శక్తికొద్దీ ఎత్తాడు. కొమ్ము ఫెళ్లున విరిగింది. బండ ఒరిగింది. తువ్వి దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో బయటికి వచ్చి, "నాన్నా, దాహం" అంది.

చెంగన్న ఏడ్చాడో నవ్వాడో చెప్పడం కష్టం.

మర్నాడు వాడు పెత్తనం మళ్లీ పెద్దచుక్కికి అప్పగించాడు. వెనకకాలి కుంటు మాత్రం జన్మకు పోలేదు. కుక్కలు వేరే కోనకు పోయాక మంద మడుగుకు చేరింది. అందరికంటే ముందు చెంగన్న అడ్డంగా నిలబడి, "ఆగండి" అన్నాడు. గవరయ్యను ఒడ్డుకు పిలిచాడు.

"మొదటి గుక్క నీదయ్యా" అన్నాడు.

ఆనాటి నుంచి ఇప్పకోనలో అదే ఆనవాయితీ. ఎండుపుల్ల తెచ్చినవాళ్లకే మొదటి గుక్క నీళ్లు. పిలక ఇప్పటికీ మడుగుకు పోయొస్తూనే ఉంది, ఉత్తినోటితో మాత్రం ఎన్నడూ రాలేదు.

నీతి: పంపినవారు తిరిగొచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. అడవిలోనైనా, మీరు రాసే ప్రోగ్రాములోనైనా, వచ్చిన జవాబు చూశాకే అడుగు వేయాలి; "కాలేదు" అన్న జవాబును కసరక, ఎందుకు కాలేదో వినాలి.