పెద్దమడుగు గజ్జి లెక్క

ఎర్రకొండల నడుమ, ఎంత ఎండలు కాసినా ఇంకిపోని నీటిగుంట ఒకటుంది. దాన్ని పెద్దమడుగు అంటారు. తూర్పుగట్టున గడ్డి బయలు. అక్కడ దుప్పులూ కుందేళ్ళూ ఉంటాయి. పడమటిగట్టున బండలూ గుహలూ. అక్కడ పెద్ద కొమ్ముల కణుజులు, అడవిపందులు, ముళ్ళపందులు, వాటితో పాటు పుల్లన్న అనే ఒక నక్క. కొండముచ్చులకు మాత్రం గట్టంటూ లేదు. చెట్టున్న చోటల్లా వాళ్ళ ఊరే.

ఆ కొండముచ్చుల్లో ఓబులమ్మ అని ఒకావిడ ఉండేది. నల్లటి మొహం, బూడిదరంగు ఒళ్ళు, పొడుగాటి వేళ్ళు. ఆ వేళ్ళంటే ఆవిడకు మహా గర్వం. "మా అమ్మమ్మ చెయ్యి తలమీద పడితే పేను దానంతటదే బయటికొచ్చి దణ్ణం పెట్టేది. ఆవిడ వేళ్ళే నాకొచ్చాయి" అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేది. చెప్పుకోవడానికి తగ్గట్టే వెంట్రుక వెంట్రుకా పాయదీసి చూసేది. ఆవిడ చేతికింద కూర్చున్నవాళ్ళు హాయిగా కునుకు తీసేవాళ్ళు.

ఆ ఏడు వేసవిలో అడవికి గజ్జి పట్టింది. చర్మం మీద పొక్కులు, ఊడిపోయే వెంట్రుకలు, ఒకటే దురద. తూర్పుగట్టువాళ్ళు దాచుకోలేదు. కనిపించిన ప్రతి చెట్టుకూ ఒళ్ళు రుద్దుకుంటూ, "అమ్మో, చచ్చిపోతున్నాం" అని మొత్తుకున్నారు. పడమటిగట్టు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది.

ఇదే అదనని పుల్లన్న అడవి పెద్ద అయిన ఎలుగుబంటి గంగులప్ప దగ్గరికి వెళ్ళాడు. రెండు గట్ల జనమూ నీళ్ళకొచ్చే వేళ చూసుకుని మరీ వెళ్ళాడు.

"మామా, చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. తూర్పువాళ్ళందరికీ గజ్జి. గోక్కున్న ఒళ్ళు తెచ్చి ఈ నీళ్ళలోనే ముంచుతున్నారు. మా గట్టున ఒక్కరికైనా ఉందేమో అడుగు. రేపు మాకూ అంటితే ఎవరిది బాధ్యత?"

"అయితే ఏం చెయ్యమంటావురా?"

"ఇరుకువాగు ఉంది కదా. అక్కడ తాగమను. నీళ్ళు నీళ్ళే కదా!"

దుప్పుల పెద్ద ఎర్రక్క దుప్పిపిల్లల్ని తన వెనక్కి లాక్కుంది. పెద్దమడుగు దగ్గర ఎవరూ ఎవరినీ వేటాడకూడదని గంగులప్ప పెట్టిన కట్టుబాటు ఉంది. ఇరుకువాగుకు ఆ కట్టుబాటు లేదు. దారంతా పొదలు. ఆ పొదల్లో పుల్లన్న ఎందుకు తిరుగుతుంటాడో పిల్లలున్న ప్రతి తల్లికీ తెలుసు.

"మాకు గజ్జి ఉన్నమాట నిజమే పెద్దాయనా. ఉంది కాబట్టి ఉందన్నాం. ఉందన్న పాపానికి నీళ్ళు మానుకోమంటారా?" అంది ఎర్రక్క.

పడమటి గుంపు నీళ్ళలోకి తలలు దించుకుంది. కొమ్మ మీద కూర్చుని ఇదంతా చూస్తున్న ఓబులమ్మకు ఒళ్ళు మండింది.

"పెద్దాయనా, అందరికీ ఉందంటున్నాడు పుల్లన్న. అందరినీ చూశాడా?"

"చూసేదేముంది అత్తా? వాళ్ళే గోక్కుంటూ తిరుగుతుంటే!" అన్నాడు పుల్లన్న.

"గోక్కునేవాళ్ళని చూశావు. గోక్కోనివాళ్ళని ఎవరు చూశారు? ఇంటింటికీ పోయి, ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ కూడా చూస్తేగానీ ఏ గట్టున ఎంతుందో తేలదు."

"ఆ పని ఎవరు చేస్తారమ్మా?" అన్నాడు గంగులప్ప.

"నేను చేస్తాను" అంది ఓబులమ్మ, తన చేతుల్ని పైకెత్తి.

పుల్లన్న లోలోపల నవ్వుకున్నాడు. పడమటివాళ్ళ సంగతి వాడికి తెలుసు. ప్రాణం పోయినా తమకు గజ్జి ఉందని ఒప్పుకోరు. "చూడనీ మామా! కానీ ఒక్క మాట. ఏ గట్టున ఎక్కువుంటే ఆ గట్టు ఇరుకువాగుకు పోవాలి. ఈ తీర్పు ఇప్పుడే అందరి ముందూ చెప్పెయ్" అన్నాడు.

"సరే, అట్లాగే. పున్నమికి లెక్క తే ఓబులమ్మా" అన్నాడు గంగులప్ప.

తూర్పుగట్టున పని చకచకా సాగింది. దుప్పులు వరసగా వచ్చి మెడలు వంచాయి, కుందేళ్ళు చెవులు వాల్చాయి. గజ్జి లేనివాళ్ళకు ఒక తెల్లరాయి, ఉన్నవాళ్ళకు ఒక నల్లరాయి చొప్పున ఓబులమ్మ చెట్టుతొర్రలో వేసుకుంటూ పోయింది. చిత్రమేమిటంటే, అంత మొత్తుకున్న గట్టున తెల్లరాళ్ళే ఎక్కువ పడ్డాయి.

పడమటిగట్టున మొదటి గుహ దగ్గరే ఎదురుదెబ్బ తగిలింది. "గజ్జా? మా ఇంట్లోనా? ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?" అని అడవిపంది కోర చూపించింది. ముళ్ళపంది ముళ్ళు నిక్కబొడుచుకుంది. ఆ గట్టుకు పెద్ద లింగన్న. ఇంతెత్తు కొమ్ముల కణుజు. ఆయన తల కూడా తిప్పలేదు.

"కొండముచ్చు వచ్చి నా ఒళ్ళు తడిమి చూసేదా? పో, పో!"

ఓబులమ్మకు తల కొట్టేసినట్టయింది. వెనక్కి తిరిగి చెట్టెక్కింది. అక్కణ్ణించి చూస్తే, ఎవరూ లేరనుకుని లింగన్న బండ చాటుకెళ్ళి మెడను రాతికేసి రక్తం వచ్చేలా రుద్దుకుంటున్నాడు. అంత పెద్ద మనిషి, కళ్ళు మూసుకుని, మూలుగు బయటికి రాకుండా పళ్ళు బిగబట్టుకుని.

ఓబులమ్మ కోపమంతా చల్లారిపోయింది. 'వీళ్ళు పొగరుతో కాదు, భయంతో దాస్తున్నారు. నేను అడిగిన తీరే తప్పు. గజ్జి ఉందా అని గుమ్మంలో నిలబడి అరిస్తే ఎవరు మాత్రం ఉందంటారు?' అనుకుంది.

మర్నాడు పొద్దున్నే లింగన్న దగ్గరికి మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఏమీ అడగలేదు. ఎదురుగా కూర్చుని తన ఎడమచెయ్యి ఎత్తి చంక చూపించింది. అక్కడ వెంట్రుకలు ఊడి, పొక్కులు కట్టి ఉంది.

"ముందు నాది చూడు లింగన్నా. నా రాయి కూడా నల్లదే."

లింగన్న తల తిప్పి ఆ పుండు చూశాడు.

"రాళ్ళంటే గుర్తొచ్చింది. ఏ రాయి ఎవరిదో నీకు గుర్తుంటుంది కదా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"రాయికి పేరుండదు. తొర్రలో పడ్డాక అది నీదో నాదో నేనే చెప్పలేను. ఎంతమందికి ఉందో చెప్తాను, ఎవరికి ఉందో చెప్పను. నా నోటినుంచి ఒక్క పేరు బయటికొచ్చినా ఈ వేళ్ళు కొరికి పారెయ్."

ఆ వేళ్ళంటే ఆవిడకెంత గర్వమో అడవంతా ఎరుగును. లింగన్న మెల్లగా ముందుకాళ్ళు మడిచి, ఆ కొమ్ముల తలను ఆవిడ ఒళ్ళోకి వంచాడు. మెడకింద జూలు పాయదీస్తే అరచేతంత మేర పచ్చి పుండు.

"రాత్రిళ్ళు చంపుతోందమ్మా. గుహలో ఒకరిమీద ఒకరం పడుకుంటామా, ఇక చూస్కో."

'గుహలో' అన్న మాట ఓబులమ్మ చెవిలో పడింది. ఆ మాటతో పడమటిగట్టుకు ఒక తొర్ర సరిపోదని తెలిసింది. గుహల్లో పడుకునేవాళ్ళ రాళ్ళు ఒక తొర్రలో, బయట బండలమీద పడుకునేవాళ్ళ రాళ్ళు ఇంకో తొర్రలో వేయడం మొదలుపెట్టింది.

లింగన్న ఓబులమ్మ చేతికింద కళ్ళు మూసుకుని కూర్చోవడం గట్టంతా చూసింది. పెద్దాయనకు లేని నామోషీ మనకెందుకని అడవిపంది వచ్చింది. ముళ్ళపంది ముళ్ళు దించుకుని వచ్చింది. "నాకేం లేదనుకో, ఊరికే చూస్తావని వచ్చాను" అంటూ వచ్చినవాళ్ళే ఎక్కువ. ఓబులమ్మ ఏమీ అనకుండా చూసేది, రాయి వేసేది, పుండున్నచోట కానుగ గింజ నూరి రాసి పంపేది.

చివరికి పుల్లన్న కూడా వచ్చాడు. లెక్క ఎటు పోతోందో కూపీ లాగుదామని. తల పెట్టాడు, వీపు పెట్టాడు. తోక దగ్గరికి చెయ్యి వెళ్ళేసరికి దిగ్గున లేచాడు.

"అక్కడొద్దత్తా, అక్కడేం లేదు. అది సరేగానీ, నల్లరాళ్ళు తూర్పునే ఎక్కువ కదూ? నీ పిల్లలకు పండిన తునికిపళ్ళ చెట్టొకటి చూపిస్తా. కాస్త అటు ఇటు అయితే మాత్రం ఎవరు చూడొచ్చారు?"

"నేను చూస్తాగా" అంది ఓబులమ్మ. ఆవిడ చూడాల్సింది అప్పటికే చూసేసింది. రాయి తీసి తొర్రలో వేసింది. అది ఏ రంగుదో అడిగే ధైర్యం పుల్లన్నకు లేకపోయింది.

పున్నమి నాటి పొద్దున మడుగు ఒడ్డున రెండు గట్ల జనమూ కూడారు. వెడల్పాటి బండమీద ఓబులమ్మ రాళ్ళు కుప్పలు పోసింది. తూర్పు కుప్ప తెల్లగా ఉంది. పడమటి రెండు తొర్రల రాళ్ళూ పక్కపక్కనే పోసిన కుప్పలో నల్లరాళ్ళే ఎక్కువ.

"పెద్దాయనా, తూర్పుగట్టున పదిమందిలో ఇద్దరికి గజ్జి. పడమటిగట్టున పదిమందిలో ఆరుగురికి" అంది ఓబులమ్మ.

"అబద్ధం!" పుల్లన్న ఎగిరి బండెక్కాడు. "ఈ గులకరాళ్ళు వాగులో ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. ఆరుగురట! ఎవరా ఆరుగురు? పేర్లు చెప్పమను. ఒక్క పేరు, ఒకే ఒక్క పేరు చెప్పమను మామా!"

గంగులప్ప ఓబులమ్మ వైపు తిరిగాడు. "చెప్పమ్మా. ఒక్కరి పేరు చెప్తే చాలు, నమ్ముతాం."

"చెప్పను."

"చెప్పకపోతే నీ లెక్క చెల్లదు కదమ్మా!"

ఓబులమ్మ ఎర్రక్కను చూసింది. ఎర్రక్క వెనక పాలు మరవని దుప్పిపిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఒక్క పేరు చెప్తే వాళ్ళ నీళ్ళు వాళ్ళకు దక్కుతాయి. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. లింగన్న వైపు మాత్రం చూడలేదు. చూస్తే చూపే చెప్పేస్తుందని భయపడింది.

"నా లెక్క తప్పయితే మళ్ళీ ఇంకెవరినైనా పంపి చూపించండి. పేరు మాత్రం చెప్పను. చెప్పనని మాటిచ్చి చూశాను. ఆ మాట లేకపోతే ఈ లెక్కే లేదు" అంది. తల మాత్రం దించలేదు.

"చూశారా! చెప్పదు. ఉంటే కదా చెప్పడానికి!" అని పుల్లన్న చంకలు గుద్దుకున్నాడు.

అప్పుడు పడమటి గుంపులో కదలిక వచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు. లింగన్న నడిచొచ్చి బండమీదికెక్కి, మెడ పైకెత్తి, జూలు కింద పుండు అందరికీ కనపడేలా నిలబడ్డాడు.

"ఆ నల్లరాళ్ళలో ఒకటి నాది. తన పిల్లల్లాంటి పిల్లలు నీళ్ళకు దూరమవుతారని తెలిసి కూడా ఈ తల్లి నా పేరు చెప్పలేదు. ఇంత మాట నిలబెట్టుకునే మనిషి లెక్క అబద్ధమెట్లా అవుతుంది?"

"ఇంకోటి నాది" అంది అడవిపంది.

"నాదీ ఒకటి" అంది ముళ్ళపంది. ఆ తర్వాత ఎవరు ముందు చెప్పారో ఎవరు వెనక చెప్పారో తెలియలేదు. పడమటిగట్టంతా నాదీ, నాదీ అని లేచింది. తూర్పుగట్టువాళ్ళు నవ్వలేదు, ఎగతాళి చెయ్యలేదు. ఎర్రక్క వెళ్ళి లింగన్న పక్కన నిలబడింది. రెండు గట్ల పెద్దలూ ఒకే బండమీద నిలబడగా చూసి ఓబులమ్మకు ఛాతీ ఉప్పొంగింది. తన వేళ్ళు చేసిన పనిని గురించి మొట్టమొదటిసారి ఆవిడ ఒక్క గొప్ప మాట కూడా చెప్పుకోలేదు.

"ఉంటే మీకుండొచ్చు, నాకు లేదు! నా ఒళ్ళు అద్దం..." అంటూనే ఉన్నాడు పుల్లన్న. అప్పటికి పొద్దెక్కి బండ కాలుతోంది. వేడికి దురద రేగింది. వాడి వెనకకాలు వాడి మాట వినకుండా లేచి తోకమొదట్లో బరబరా గోకడం మొదలుపెట్టింది. ఆపుదామని కూర్చున్నాడు. కూర్చుంటే ఇంకా ఎక్కువైంది. ఒళ్ళంతా బండకేసి రుద్దుకుంటూ దొర్లాడు. అడవి అడవంతా పగలబడి నవ్వింది. ఓబులమ్మ అప్పుడు కూడా ఒక్క మాట అనలేదు.

"పడమటిగట్టున ఎక్కువుంది. మరి తీర్పు ప్రకారం..." అని గంగులప్ప నసిగాడు.

"ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు పెద్దాయనా. రోగం నీళ్ళలో లేదు. ఇటు చూడండి" అని ఓబులమ్మ పడమటి కుప్పను రెండుగా విడదీసింది. గుహల్లో పడుకునేవాళ్ళ కుప్ప నల్లగా ఉంది. బయట బండలమీద పడుకునేవాళ్ళ కుప్ప దాదాపు అంతా తెలుపే. "నీళ్ళు అందరివీ ఒకటే, పడకలే వేరు. వానలొచ్చేదాకా గుహలు ఖాళీ చేసి ఎండ తగిలేచోట ఎడంగా పడుకోండి. కానుగ గింజ నేను నూరిస్తాను."

"బాగుంది. అయితే ఆ తీర్పు పట్టుబట్టి చెప్పించుకున్నవాడికే దాన్ని అమలు చేద్దాం. పుల్లన్నా, ఇరుకువాగు నీళ్ళు కూడా నీళ్ళే అన్నావు కదరా. వెళ్ళి తాగు" అన్నాడు గంగులప్ప.

పుల్లన్న తోక కాళ్ళసందున పెట్టుకుని పొదల దారి పట్టాడు. ఆ వేసవంతా ఇరుకువాగు పొదల్లో మాటువేసి కూర్చున్నాడు గానీ, ఆ దారిన ఒక్క దుప్పిపిల్లా రాలేదు. వాడికి తోడుగా మిగిలింది వాడి గజ్జి ఒక్కటే.

అందుకే, ఒక్కొక్కరి పరువూ కాపాడగలిగినవాళ్ళకే ఊరి జబ్బు ఎంతుందో తెలుస్తుంది.