గాలి తీసిన చేతులు

నల్గొండ వైపు ఒక చిన్న ఊళ్లో ఉదయ్ అనే ఎనిమిదో తరగతి పిల్లవాడు ఉండేవాడు. ఎవరో ఒకరిని ఏడిపించనిదే వాడికి పూట గడిచేది కాదు. బెంచీ మీద కుదురుగా కూర్చోలేడు, వరుసలో కుదురుగా నిలబడలేడు. బడి వదిలే వేళకు ఆడపిల్లల సైకిళ్లకు గాలి తీసేసి, గోడ చాటున నిలబడి నవ్వేవాడు. ఆ పని వాడికి ఒకరు నేర్పక్కర్లేదు. వాళ్ల నాన్న లింగస్వామికి బస్టాండు దగ్గర పంక్చర్ల కొట్టు ఉంది మరి.

లింగస్వామి ఏటా బడి తెరిచిన రోజున మాత్రం బడికి వచ్చేవాడు. "కండ్లు రెండు ఉంచి తోలు తియ్యుండ్రి మేడం, నేనేమనను," అని దండం పెట్టి వెళ్లిపోయేవాడు. అంతటితో తన బాధ్యత తీరిందనుకునేవాడు. వాడి తరగతి చూసే భాగ్యలక్ష్మి టీచరేమో వాడు తప్పు చేసినప్పుడల్లా "రేపు మీ నాన్నను తీసుకురా" అనేది. ఆవిడ బాధ్యతా అంతటితో తీరిపోయేది. ఉదయ్ ఇంట్లో "మేడానికి నేనంటేనే పడదు" అనేవాడు. బడిలో "మా నాన్నకు జ్వరం" అనేవాడు. ఆ జ్వరం దసరా దాటినా తగ్గలేదు!

ఒక సాయంత్రం వాడు సునీత సైకిలుకు రెండు చక్రాల్లోనూ గాలి తీసేశాడు. సునీత తండా నుంచి వచ్చే పిల్ల. కంకర లారీలు తిరిగే రోడ్డు మీద సైకిలు తోసుకుంటూ పోయింది. చీకటి పడింది. వెనక నుంచి వచ్చిన లారీకి బెదిరి పక్క గుంతలో పడింది. ఇల్లు చేరేసరికి మోకాళ్లు చీరుకుపోయి ఉన్నాయి. "సదువొద్దు, ఏమొద్దు. రేపటి నుంచి పత్తి ఏర రా," అంది తల్లి.

మర్నాడు సునీత బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. భాగ్యలక్ష్మి టీచరుకు పాఠం మీద మనసు నిలవలేదు. ఆడపిల్లల్ని గుచ్చి గుచ్చి అడిగింది. సంగతి తెలిశాక, ఈసారి ఉదయ్ చేత కబురు పంపలేదు. బడి వదలగానే తనే కొట్టుకు వెళ్లి లింగస్వామికి జరిగింది చెప్పింది.

"మావోడా? కొట్ల ఎంత బుద్ధిగ ఉంటడో మీకేమెరుక మేడం!" అన్నాడు లింగస్వామి.

"బడిలో ఎట్లుంటాడో మీకూ తెలియదు కదా. మీరు సగం చూశారు, నేను సగం చూశాను. తప్పు ఇద్దరిదీ," అంది ఆవిడ.

కొట్లో పంపు పట్టుకుని నిలబడ్డ ఉదయ్ మెల్లగా వెనక్కి జరిగాడు. తండ్రి చెయ్యెత్తాడు. టీచరు ఆపింది. "కొడితే వీడి వీపు మండుతుంది, అంతే. ఆ పిల్ల బడికి రావాలి గదా!"

లింగస్వామి చెయ్యి దించాడు. తన సైకిలుకు తనే గాలి తీశాడు. "తోసుకుంట నడువు," అన్నాడు.

ముగ్గురూ తండాకు బయల్దేరారు. లారీ హారన్ మోగినప్పుడల్లా ఉదయ్ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. బరువు సైకిలు అటూ ఇటూ లాగుతోంది. పెద్దవాళ్లిద్దరూ తోడున్నా వాడు రోడ్డు అంచుకు ఒదిగి నడిచాడు. సునీత ఈ దారిలో ఒంటరిగా నడిచిందని అప్పుడు తట్టి, ఏడుపొచ్చింది.

"తప్పు నాదే అమ్మా. సునీతను బడికి పంపుండ్రి," అన్నాడు వాడు తండాలో, తల దించుకుని.

సునీత తల్లి కరగలేదు. "నీ మాట నాకొద్దు. వీడు మళ్ల జెయ్యకుండ ఎవరు జూస్తరు?" అని పెద్దవాళ్లను నిలదీసింది.

"బడి ఇడిసే యాళ్లకు గేటు కాడ నేనుంట," అన్నాడు లింగస్వామి.

"లోపల నేను చూస్తాను. ఏ సంగతైనా మేమిద్దరం ఆ రోజే మాట్లాడుకుంటాం," అంది టీచరు.

సునీత తల్లి ఇద్దరి మొహాల్లోకీ చూసి, చివరికి తలూపింది.

సోమవారం సునీత బడికి వచ్చింది. ఉదయ్ వైపు చూడకుండానే వెళ్లి తన చోట కూర్చుంది. అది వాడికి దెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి వాడు గాలి తీయడానికి ఎవరి సైకిలు మీదా చెయ్యి వేయలేదు.

నీతి: ఇల్లు బడి మీదకీ, బడి ఇంటి మీదకీ బాధ్యత నెట్టేస్తే పిల్లవాడు చెడతాడు, వాడి వల్ల ఇంకో బిడ్డ నష్టపోతుంది, ఇల్లూ బడీ ఒక్క మాట మీద నిలబడితే వాడు దారికొస్తాడు.